టక్‌మనే చుచ్‌పరాలు

“పలకలేవీ? ఒసే బెర్మెత్, పలకలు తే! ఇక్కడ ఏడుగురి చేతులు ఊరికే కూర్చున్నాయి!”

వంటింట్లోంచి పొరుగింటి సోనున్ అవ్వ వేసిన కేక బాల్కనీ దాకా వచ్చింది.

బాల్కనీలో బెర్మెత్ ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. ఎదురుగా నాలుగు చెక్క పలకలు. ఒక్కో పలక మీద ఖీమా కూరి మడిచిన యాభై చుచ్‌పరాలు, ఒకదానికొకటి తగలకుండా వేలెడు ఎడంతో పడుకుని ఉన్నాయి. మొత్తం రెండు వందలు. బయట చలి సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద.

బెర్మెత్ ఒక చుచ్‌పరా తీసి పలక మీదికి వదిలింది.

టక్.

“అయిపోయాయవ్వా! తెస్తున్నా!”

నలభై నిమిషాల కిందట ఇదే చుచ్‌పరాను వదిలితే తప్ మంది. తప్ అంటే ఇంకా మెత్తగా ఉన్నట్టు. టక్ అంటే రాయిలా గట్టిపడినట్టు. టక్ అన్నాకే సంచిలో పోయాలి. ఇది నాయనమ్మ నేర్పిన పరీక్ష. బాబాయి వాళ్లింట్లో పాప పుట్టిందని నాయనమ్మ అక్కడికి వెళ్లింది. వెళ్లేముందు పలకల పని బెర్మెత్‌కి అప్పజెప్పింది.

“పదకొండేళ్లొచ్చాయి, చెవులు బాగా పనిచేస్తున్నాయి. వినడమే నీ పని,” అంది.

బెర్మెత్ గట్టిపడిన చుచ్‌పరాలను యాభై చొప్పున నాలుగు సంచుల్లో పోసింది. గలగలమని గులకరాళ్లలా దొర్లాయి. సంచుల మూతులు దారంతో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టింది. ఖాళీ పలకలు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

అక్కడ పెద్ద బల్ల చుట్టూ ఏడుగురు ఆడవాళ్లు. అందరూ ఆ అపార్ట్‌మెంటు వాళ్లే. వాళ్ల మధ్య బెర్మెత్ వాళ్లమ్మ జాంగిల్ మోచేతుల దాకా పిండితో పిండి ఒత్తుతోంది. పల్చటి పిండి ముక్కలో చిటికెడు ఖీమా పెట్టడం, మడవడం, రెండు కొసలూ కలిపి నొక్కడం. చిన్న చెవిలాంటి చుచ్‌పరా తయారు. మరిగే నీళ్లలో వేస్తే పది నిమిషాల్లో రాత్రి భోజనం సిద్ధం.

ఈ ఆదివారం లెక్క ఆరు వందలు.

ఎందుకంటే జాంగిల్ పనిచేసే కుట్టుపని కార్ఖానాలో నౌరోజ్ పండగ బట్టలు మొదలవుతున్నాయి. పండగకి ముందు మూడు వారాలు, సోమవారం నుంచి గురువారం దాకా, ఆమె ఇంటికి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. నాన్న లారీ తోలుకుని కనుమ దాటి వెళ్లాడు, పండగకే వస్తాడు. పోయినేడు ఇదే రోజుల్లో అమ్మ ఎనిమిదింటికి వచ్చి, వంట చేసి, తొమ్మిదిన్నరకి తినబోయి, చెంచా చేతిలో ఉండగానే నిద్రపోయింది.

ఈ ఏడు అలా కాకూడదు. వారానికి నాలుగు సాయంత్రాలు, మూడు వారాలు, పన్నెండు సాయంత్రాలు. సాయంత్రానికి యాభై చుచ్‌పరాలు. అమ్మకి పద్దెనిమిది, బెర్మెత్‌కి పద్దెనిమిది, ఆరేళ్ల తమ్ముడు బాయెల్‌కి పద్నాలుగు. ఈ లెక్క వేసింది బెర్మెత్తే.

అందులో ఆమె లాభం కూడా ఉంది.

“వంట చెయ్యక్కర్లేకపోతే ఆ గంట నీది. రోజూ ఒక ఆట ఆడదాం,” అంది అమ్మ.

ఆట అంటే తొమ్మిది గుంటల ఆట. వామనగుంటల్లాంటిదే. ఇటు తొమ్మిది గుంటలు, అటు తొమ్మిది. గుంటకి తొమ్మిది రాళ్లు. గెలుచుకున్న రాళ్లు వేసుకునే పెద్ద గుంట పేరు కజాన్. వంట చేసే పెద్ద బాన పేరూ కజానే. పండగ ముందు రోజు బడిలో పోటీ ఉంది. ఆ అపార్ట్‌మెంటులో జాంగిల్‌ని ఓడించినవాళ్లు లేరు. అలాంటి మనిషితో పన్నెండు ఆటలు! పోటీలో ఇంకెవరికీ దొరకని సాధన అది.

అందుకే ఈ అషర్. అషర్ అంటే నలుగురూ కలిసి ఒకరి పని చేసిపెట్టడం. కూలి లేదు, బత్తెం లేదు. ఈ వారం మీరు మా పిండి మడిస్తే, వచ్చే వారం మేం మీ పిండి మడుస్తాం. చేతులకి చేతులే బదులు.

“చూడండర్రా, నా మడత ఎలా ఉందో!” కింది అంతస్తు బురుల్ అత్త ఒక చుచ్‌పరాను ఎత్తి చూపించింది.

“మీ ఆయన చెవిలా ఉంది. పెద్దదీ, వినబడనిదీ,” అంది సోనున్ అవ్వ.

బల్ల బల్లంతా నవ్వింది.

ఖాళీ పలకలు చకచకా నిండాయి. రెండో విడత రెండు వందలతో బెర్మెత్ మళ్లీ బాల్కనీలోకి వెళ్లింది. గడియారం చూసింది. రెండు గంటలకి బడిలో ఆటల సార్ సాధన ఆట పెట్టించాడు. ఇంకా రెండు విడతలున్నాయి. విడతకి నలభై నిమిషాలు ఆగాలి. రెండు నలభైలు ఎనభై. ఇక్కడే మూడవుతుంది.

లోపల్నించి మళ్లీ కేక. “పలకలు!”

“ఇప్పుడేగా తెచ్చాను, ఆగండి!”

“మేం ఆగుతాంలే, పిండి ఆగదు! ఎండిపోతోంది!”

అప్పుడు బెర్మెత్‌కి ఒక లెక్క తట్టింది. చలి ఎక్కడున్నా చలే కదా. పలక మీద గట్టిపడేది సంచిలో గట్టిపడదా? డీప్ ఫ్రీజర్ ఏమైనా బాల్కనీకి తీసిపోయిందా? మెత్తగా ఉండగానే సంచుల్లో పోసేస్తే పలకలు వెంటనే ఖాళీ. ఎనభై నిమిషాలు మిగులు.

లెక్క చూడటానికి ఎంతో బాగుంది. తప్పు లెక్కలతో వచ్చే చిక్కే అది, చూడటానికి బాగుంటాయి.

ఆమె పలకని సంచి మూతి మీదికి వంచింది. గలగల లేదు. జారుకుంటూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

తలుపు దగ్గర బాయెల్ నిలబడి చూస్తున్నాడు.

“అక్కా, టక్ అనలేదు కదా?”

“అంది. నీకే వినబడలేదు. చెవుల మీద టోపీ తీసి విను.”

బాయెల్ టోపీ తీశాడు. మరుక్షణం చలికి చెవులు మూసుకుని లోపలికి పారిపోయాడు.

బెర్మెత్ ఖాళీ పలకలు తీసుకెళ్లేసరికి అందరూ ఆశ్చర్యపోయారు.

“ఇంత తొందరగానా?” అంది అమ్మ.

“బయట చలి బాగుందమ్మా,” అంది బెర్మెత్, పలకల వైపు చూస్తూ.

“మా కాలంలో చలికి ఇంత చురుకు లేదే తల్లీ,” అంది సోనున్ అవ్వ.

మూడో విడతా అలాగే అయింది. ఒంటిగంటన్నరకే పన్నెండు సంచులూ డీప్ ఫ్రీజర్‌లో ఉన్నాయి. వచ్చినవాళ్లు టీ తాగారు, రొట్టె తిన్నారు, “ఈ పిల్ల మెరుపు!” అని బెర్మెత్ బుగ్గ మీద పిండి వేళ్లతో గిల్లి వెళ్లారు. బుగ్గ మీద తెల్లటి మచ్చతోనే ఆమె బడికి వెళ్లింది. రెండు ఆటలాడి ఒకటి గెలిచింది.

సోమవారం సాయంత్రం ఏడున్నరకి బెర్మెత్ కజాన్‌లో నీళ్లు పెట్టింది. బాయెల్‌ని పొయ్యికి నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చోబెట్టింది. కిటికీ పక్కన ఆట పలక పరిచి, గుంటకి తొమ్మిది చొప్పున రాళ్లు వేసింది. అమ్మ వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలి.

తర్వాత డీప్ ఫ్రీజర్ తెరిచి పైనున్న సంచి తీసింది.

సంచి ఊపింది. చప్పుడు లేదు. సంచి విప్పి బల్ల మీద బోర్లించింది.

దబ్!

యాభై చుచ్‌పరాలూ కలిసి ఒక్కటే ముద్ద. యాభై చెవులున్న రాయి.

“అక్కా, ఇది గొర్రె తలకాయా?” అన్నాడు బాయెల్.

“నోరు ముయ్.”

ఇంకో సంచి తీసింది. అదీ రాయే. మరోటి, మరోటి. సంచులన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. నాలుగు మాత్రం గలగలమన్నాయి. ఎనిమిది మూగవి.

చెంచాతో పొడిచింది. చెంచా వంగింది. అప్పడాల కర్రతో కొట్టింది. కర్ర ఎగిరి బాయెల్ కుర్చీ కిందికి పోయింది. బాయెల్‌కి ఇంత మంచి సాయంత్రం ఈ మధ్య దొరకలేదు. పరుగున వెళ్లి నాన్న లారీ పెట్టెలోంచి సుత్తి తెచ్చాడు.

“సుత్తి వద్దురా! తినేది!”

“మరి ఎత్తి కింద పడేద్దాం.”

ఆ మాట బెర్మెత్‌కి నచ్చింది. సంచిలో పెట్టి బాల్కనీ నేల మీద పడేశారు. దభీమంది. ముద్ద పగల్లేదు. కింది అంతస్తులోంచి బురుల్ అత్త చీపురు కర్రతో పైకప్పు మీద టకటకా కొట్టింది. రెండోసారి ఎత్తుతుండగా వెనక తలుపు తెరుచుకుంది.

అమ్మ. భుజాన సంచి, జుట్టులో ఎర్ర దారం పోగులు, చేతులు నడుం మీద.

“ఏం చేస్తున్నారు?”

బెర్మెత్ ముద్దని వెనక దాచబోయింది. గొర్రె తలకాయంత ముద్దని ఎక్కడ దాస్తారు?

“అమ్మా... అంటుకుపోయాయి. చలి సరిపోలేదేమో.”

“నిన్న చలి బాగుందన్నావు. ఇవాళ సరిపోలేదంటున్నావు. ఏదో ఒక చలి మీద ఉండు.”

“నిన్న నా చెవులు గడ్డకట్టాయమ్మా,” అన్నాడు బాయెల్. “టోపీ తీశా కదా.”

అమ్మ వాడి వైపు చూడలేదు. కూతురి వైపే చూసింది. కోపంగా కాదు, ఆట పలక మీద ఎదుటివాళ్ల గుంటలు చూసినట్టు చూసింది.

“టక్ అందా?”

బెర్మెత్ ముద్దని ముందుకు తెచ్చింది.

“వినలేదమ్మా,” అంది. “మొదటి నాలుగు సంచులు విన్నా. తర్వాత వినలేదు. రెండింటికి బడికి వెళ్లాలని.”

“ఎన్ని సంచులు?”

“ఎనిమిది.”

అమ్మ ముద్దని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. ఆమె పెదవి కొస వణికింది. ఏడుస్తుందేమోనని బెర్మెత్ భయపడింది. కానీ అమ్మ పకపకా నవ్వింది.

“ఆరేళ్ల నుంచి కార్ఖానాలో కుడుతున్నా. నేను కూడా ఇంత గట్టిగా కుట్టలేదే!”

నవ్వినంత మాత్రాన ముద్ద కరగదు. ఉడికిస్తే పైవి చితికి జావవుతాయి, లోపలివి పచ్చిగా ఉంటాయి. అందుకని అమ్మ ఆవిరి గిన్నె దించింది. చిన్న మంట. పదేసి నిమిషాలకి మూత తీయాలి, ముద్దని తిప్పాలి, వదులైన చుచ్‌పరాలను చెక్క చెంచాతో ఒక్కొక్కటిగా విడదీయాలి. కోటు కూడా విప్పకుండా అమ్మ పొయ్యి దగ్గర గంటసేపు నిలబడింది.

తొమ్మిదింపావుకి తిన్నారు. పైన పుల్లటి మీగడ వేసుకుంటే రుచి బాగానే ఉంది. ఆకారమే లేదు.

“చెవులు తెగిన చుచ్‌పరాలు,” అన్నాడు బాయెల్ నోటి నిండా పెట్టుకుని.

అమ్మ కిటికీ పక్కన పరిచి ఉన్న ఆట పలక వైపు చూసింది. తర్వాత గడియారం వైపు చూసింది. కళ్లు నులుముకుంది.

“రేపు ఆడదాంలే నాన్నా.”

“రేపూ ఇలాంటి సంచే కదమ్మా. గలగలమనేవి ముందు వాడేద్దామా?”

“అవి ఆఖరి వారానికి ఉంచాలి. అప్పుడు నేను ఇంకా ఆలస్యంగా వస్తా.”

బెర్మెత్ రాళ్లని ఒక్కో గుంటలోంచి తీసి గుడ్డ సంచిలో వేసింది. ఎనిమిది సంచులు, ఎనిమిది గంటలు. ఒకటి పోయింది, ఇంకా ఏడు. అవి తన గంటలు మాత్రమే అయితే సరే. కానీ ఏడుగురు వచ్చి మడిచిన చుచ్‌పరాలు అవి. ఆ ఏడుగురి చేతుల లెక్క ఏ గుంటలో వేయాలో ఆమెకి తెలియలేదు.

మంగళవారం బెర్మెత్ బడిలో సాధనకి ఆగలేదు. ఆరున్నరకల్లా ఇంటికొచ్చి ఆవిరి గిన్నె పెట్టింది. తిప్పింది, విడదీసింది, మళ్లీ తిప్పింది. అమ్మ వచ్చేసరికి పళ్లేలు బల్ల మీద ఉన్నాయి. తిన్నాక ఆట పలక పరిచారు. బెర్మెత్ ఓడిపోయింది. బుధవారమూ అంతే, గురువారమూ అంతే.

“ఏ కజాన్ మీద ఉందే నీ ధ్యాస? ఈ కజానా, ఆ కజానా?” అంది అమ్మ, కూతురి రాళ్లు ఆరింటిని తన గుంటలోకి ఊడ్చుకుంటూ.

మంగళవారం గంట. బుధవారం గంట. గురువారం ముద్ద మరీ మొండిది, గంటంపావు. ఆదివారం మిగుల్చుకున్న ఎనభై నిమిషాలు బుధవారానికే ఖర్చయిపోయాయి. మూగ సంచులు ఇంకా నాలుగున్నాయి. దీన్ని మిగులు అనే వ్యాపారి వాళ్ల నారిన్ ఊళ్లో ఒక్కడూ ఉండడు.

శుక్రవారం మెట్ల మీద బురుల్ అత్త ఎదురైంది.

“ఎలా ఉన్నాయే మన చుచ్‌పరాలు?”

“బాగున్నాయత్తా,” అంది బెర్మెత్. రుచి మాట వరకు అది నిజమే.

“ఎల్లుండి మా ఇంట్లో. అయిదు వందలు. పలకల పని నీకే ఇస్తున్నా. అంత చురుకైన పిల్ల మరెక్కడ దొరుకుతుంది నాకు?”

బెర్మెత్ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పారిపోయింది. ఇంట్లోకి వచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

“ఎవరు తరుముతున్నారక్కా?” అన్నాడు బాయెల్.

“ఎవరూ లేరు.”

“మరి తలుపెందుకు పట్టుకున్నావు?”

బెర్మెత్ కాగితం, పెన్సిల్ తీసుకుని బల్ల ముందు కూర్చుంది. వాళ్లింట్లో నాలుగు పలకలే ఉన్నాయి, అందుకే తొందర వచ్చింది. పలకలు బయట ఉంటే చేతులు ఆగిపోతాయి. చేతులు ఆగితే కేకలు మొదలవుతాయి. కేకలు వినబడితే టక్ వినబడదు. అయిదు వందలకి పలకకి యాభై చొప్పున పది పలకలు కావాలి. పదీ ఒకేసారి ఉంటే ఎవరి చేతులూ ఆగవు, ఎవరూ అరవరు.

శనివారం ఆమె కిందికి వెళ్లి బురుల్ అత్త ఇంట్లో పలకలు లెక్కపెట్టింది. మూడున్నాయి. అత్త రెట్టించి అడిగేలోపే బయటపడి, బాయెల్‌నీ, మంచు మీద లాగే వాడి బండినీ వెంటేసుకుని ఇంటింటికీ తిరిగింది.

“బల్లపరుపుగా ఉండేది ఏదైనా ఇస్తారా? రేపు సాయంత్రం కడిగి ఇచ్చేస్తా.”

ఒకరు రొట్టె కోసే పలక ఇచ్చారు. ఇంకొకరు ఓవెన్ రేకు ఇచ్చారు. మూడో అంతస్తు తాతయ్య తన చదరంగం పలక ఇచ్చాడు, ఎలాగూ తనతో ఆడేవాళ్లు లేరని. ఒకావిడ ఇస్త్రీ బల్ల ఇస్తానంది. అది మెట్ల మలుపు తిరగలేదు. బురుల్ అత్త మూడు, తమ ఇంటి నాలుగు కలిపితే పదయ్యాయి.

“నా బండి కూడా బల్లపరుపే,” అన్నాడు బాయెల్.

“దాని మీద నువ్వు కూర్చుంటావు కదరా.”

“కడుగుతా.”

పదకొండు.

ఆదివారం బురుల్ అత్త వంటింట్లో మళ్లీ ఆ ఏడుగురే, వాళ్లతో జాంగిల్. బెర్మెత్ గుమ్మంలో అడుగు పెట్టగానే బురుల్ అత్త చేతులు చాచింది.

“ఇదిగో వచ్చింది మన మెరుపు!”

బెర్మెత్ అక్కడే ఆగిపోయింది. అమ్మ పిండి ఒత్తడం ఆపి ఆమె వైపు చూసింది.

“అత్తా, నేను మెరుపు కాదు,” అంది బెర్మెత్. గొంతు సన్నగా వచ్చింది. ఇంకోసారి గట్టిగా మొదలుపెట్టింది. “మొన్న ఆదివారం నేను టక్ వినకుండానే సంచుల్లో పోసేశాను. మెత్తగా ఉండగానే. ఎనిమిది సంచులు ముద్దయిపోయాయి. మీరు మడిచినవి నాలుగు వందలు. చలి బాగుందని అబద్ధం చెప్పాను.”

బురుల్ అత్త తల ఎత్తి పైకప్పు వైపు చూసింది.

“అంటే,” అంది బురుల్ అత్త మెల్లగా, “సోమవారం మా పైకప్పు మీద పడింది...”

“చుచ్‌పరాలత్తా.”

ముందు సోనున్ అవ్వ నవ్వింది. ఆమె వెనక బల్ల బల్లంతా నవ్వింది. ఒకావిడ నవ్వు ఆపుకోలేక కళ్లు పిండి చేతులతో తుడుచుకుని, తెల్లటి కళ్లద్దాలు పెట్టుకున్నట్టు తయారైంది.

“నేను కొత్త కోడలుగా వచ్చిన ఏడు,” అంది సోనున్ అవ్వ, “అచ్చం ఇదే పని చేశా. మూడు వందలు ఒకే మూటలో పోసి అటకెక్కించా. మా అత్త ఏమీ అనలేదు. ఆ ముద్దని పళ్లెంలో పెట్టి, చుట్టాలొచ్చినప్పుడల్లా తెచ్చి చూపించేది. ‘మా కోడలు చేసిన చుచ్‌పరా. ఒక్కటి తింటే చాలు,’ అని! వసంతం వచ్చి మంచు కరిగేదాకా చూపించింది.”

బెర్మెత్‌కి కూడా నవ్వొచ్చింది. కానీ బురుల్ అత్త నవ్వుతూనే తన అయిదు వందల చుచ్‌పరాల పిండి వైపు ఒకసారి చూసుకుంది.

“మరి ఇవాళ పలకల పని...” అంది నసుగుతూ.

“నాకే ఇవ్వండత్తా,” అంది బెర్మెత్. “రండి, చూడండి.”

ఆమె బాల్కనీ తలుపు తెరిచింది. వాషింగ్ మెషిన్ మీద రెండు, సైకిల్ సీటుకీ గోడకీ మధ్య ఒకటి, బల్ల మీద నాలుగు, పెట్టెల మీద మూడు. పది పలకలు, పిండి చల్లి సిద్ధంగా ఉన్నాయి. మూలన బాయెల్ మంచు బండి, దాని మీదా పిండి. పక్కన బాయెల్, తల నిండా పిండి.

“పిండి చల్లే పని నాది,” అన్నాడు వాడు.

“ఒక్కో పలకా నిండగానే బయటికి వస్తుంది. నిండిన వేళ కాగితం మీద రాస్తాను,” అంది బెర్మెత్. “మీ చేతులు ఆగక్కర్లేదు. నేను ఆగుతాను.”

బురుల్ అత్త పలకలన్నీ వేలితో లెక్కపెట్టింది. బండిని కూడా లెక్కపెట్టింది. తర్వాత తన దారపు ఉండ తెచ్చి బెర్మెత్ చేతిలో పెట్టింది.

ఆ రోజు ఎవరూ పలకల కోసం అరవలేదు. అరవాల్సిన పని లేకపోవడంతో సోనున్ అవ్వకి తోచక మూడు పాటలు పాడింది. ఒకటో పలక టక్ మంది. సంచి గలగలమంది. రెండోది, మూడోది. బెర్మెత్ ఒక్కో పలక నుంచీ ఒకటి కాదు, నాలుగు మూలల నుంచీ నాలుగు తీసి వదిలి చూసింది.

ఒంటిగంటకి ఆఖరి చుచ్‌పరా మడిచారు. ఆఖరి మూడు పలకలు అప్పుడే బయటికి వెళ్లాయి. ఇంక అందరికీ నలభై నిమిషాల పాటు చేసే పనేమీ లేదు. బురుల్ అత్త టీ పెట్టింది.

బెర్మెత్ తన సంచిలోంచి ఆట పలక తీసింది. బల్ల మీద పిండి పక్కకి తోసి, గుంటకి తొమ్మిది చొప్పున రాళ్లు వేసింది.

“నలభై నిమిషాలుందమ్మా.”

జాంగిల్ చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. టీ గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. రాళ్లు టకటకా గుంటల్లో పడ్డాయి. ఆఖరి రాయి పడి అమ్మ వైపు ఒక గుంటలో సరి సంఖ్య రాగానే బెర్మెత్ ఆ రాళ్లని ఊడ్చి తన కజాన్‌లో వేసుకుంది. అమ్మ కనుబొమలు పైకి లేచాయి. మరో నాలుగు ఎత్తులకి ఇంకో పది. గెలవాలంటే ఎనభై రెండు రాళ్లు కావాలి. బెర్మెత్ కజాన్‌లో డెబ్భై తొమ్మిది, అమ్మ కజాన్‌లో అరవై ఎనిమిది.

“జాంగిల్, చెమట పడుతోంది నీకు,” అంది సోనున్ అవ్వ.

“వంటింట్లో వేడమ్మా,” అంది జాంగిల్. పలక వైపు చూసింది. గడియారం వైపు చూసింది. గొంతు సవరించుకుంది. “బెర్మెత్, ఆ పలకల సంగతి చూడవే. ముప్పై అయిదు నిమిషాలైంది. చాల్లే, సంచుల్లో పోసేయ్. మిగతా ఆట ఇంకెప్పుడైనా ఆడదాం.”

“అమ్మదొంగా!” అంది బురుల్ అత్త.

బెర్మెత్ లేచి బాల్కనీలోకి వెళ్లింది. ఆమె వెనకే బాయెల్ వెళ్లి, అడక్కుండానే టోపీ తీసి, పలక మీదికి చెవి వంచాడు. వంటింట్లో అందరూ టీ తాగడం ఆపి విన్నారు.

బెర్మెత్ ఒక చుచ్‌పరా తీసి వదిలింది.

తప్.

“నాక్కూడా వినబడింది!” బాయెల్ అరిచాడు.

బెర్మెత్ తలుపు మూసి లోపలికి వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. చేతులు రుద్దుకుంటూ అమ్మ ఎదురుగా కూర్చుంది.

“ఇంకా మెత్తగానే ఉన్నాయమ్మా,” అంది. “నీ వంతు.”